నర్సింగ్ పేజీలో పోయిన ఐదు ఒత్తులు

నర్సింగ్‌కు కోపం వస్తే అల్ అమెరాత్ కొండలు కూడా రెండడుగులు వెనక్కి జరిగేవని సైట్‌లో చెప్పుకునేవారు. ఒమన్‌కు వచ్చిన ఏడేళ్ళలో అతను ముగ్గురు ఫోర్‌మన్లతో, ఒక క్రేన్ డ్రైవర్‌తో, చపాతీలు మాడ్చే క్యాంపు వంటవాడితో మాట మానేశాడు. కానీ తొంభై ఎనిమిది నవంబర్ చివర్లో వచ్చిన కోపం ముందు అవన్నీ ఉత్త తుమ్ములు. అంత కోపం ఒకే ఒక్క వాక్యం గురించి. అది కూడా అతను రాసిన వాక్యమే.

నర్సింగ్‌ది కోరుట్ల దగ్గర పల్లె. చదువు ఏడో తరగతి దగ్గర ఆగింది. వచ్చిన మొదటి మూడేళ్ళు సెంట్రింగ్ చెక్కలు మోశాడు, కొట్టాడు. సైట్ టైమ్‌కీపర్ సెలవు మీద ఊరికి పోయి మళ్ళీ రాకపోతే, లెక్క తప్పకుండా హాజరు రాస్తాడని నర్సింగ్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ ముందు కంప్యూటర్ ఉంది. ఆరు నెలల్లో దాని ఎముకలు లెక్కపెట్టేంత పరిచయం పెంచుకున్నాడు.

శుక్రవారం సెలవు నాడు మత్రాలోని నఫీసా టైపింగ్ సెంటర్‌కు పోయేవాడు. నఫీసా హైదరాబాద్ పాతబస్తీ మనిషి. వీసా కాగితాలు, కంపెనీ కాగితాలు అరబ్బీలో టైపు చేసి పెట్టేది. ఆమె దగ్గర ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒకటే. అందులోనే నర్సింగ్‌కు 'పలక' కనపడింది. వరంగల్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే విశ్వతేజ అనే ఆయన తెలుగు టైపు చేసే ప్రోగ్రాం ఒకటి రాసి, లోపలి రాతతో సహా లోకానికి ఊరికే ఇచ్చేశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వవచ్చు. దానికి వెబ్‌సైట్ చేసేవాళ్ళు కావాలని ఆయన అడిగితే పెద్ద చదువుల వాళ్ళంతా తీరిక లేదన్నారు. తనకు తీరిక ఉందని రాసింది నర్సింగ్ ఒక్కడే.

వెబ్ పేజీ చేయడం ఎవరూ నేర్పలేదు. కనపడిన పేజీనల్లా కడుపు కోసి లోపలేముందో చూసి నేర్చుకున్నాడు. స్లాబ్‌కు సెంట్రింగ్ కట్టినట్టే ముందు గళ్ళు కట్టి, అందులో మాటలు పోసి, ఆరాక గళ్ళ గీతలు దాచేశాడు. మెరిసేవి, తిరిగేవి ఏవీ పెట్టలేదు. ఫోన్ లైను నత్తలా నడిచినా పేజీ మాత్రం టీ చల్లారేలోపు తెరుచుకునేది. 'పలక ఎట్ల వాడాలె' అనే భాగం తన మాటలోనే రాశాడు, క్యాంపులో చదివేవాళ్ళకు అర్థం కావాలని. అడుగున 'ఈ పేజీ చూసుకునేది నర్సింగ్' అని పెట్టుకున్నాడు. అతని పేరు అచ్చులో పడ్డ చోటు లేబర్ కార్డు కాక అదొక్కటే.

పేజీ తాళంచెవి, అంటే పాస్‌వర్డ్, ఇంకొకరి దగ్గర కూడా ఉండేది. రూవీలో కాపురముండే ఇంజనీరు వెంకటేశ్వర రావు. గుంటూరు వైపు మనిషి, ప్రతి ఉగాదికి తెలుగు సంఘంలో గంటన్నర ఉపన్యాసం ఇచ్చేవాడు. పలకకు భాషా సలహాదారుగా తనను తానే వేసుకున్నాడు. నర్సింగ్ మొదట్లో సంతోషించాడు. ఆ సంతోషం తలుచుకుని తర్వాత తనను తానే తిట్టుకున్నాడు.

నవంబర్‌లో నేషనల్ డే పనుల తొందర వచ్చి శుక్రవారాలు కూడా డ్యూటీ పడింది. నెల రోజులు నర్సింగ్ మత్రా ముఖం చూడలేదు. నెలాఖరున సైట్ ఆఫీసుకు ఫోన్ వచ్చింది. సమాయిల్ సైట్‌లో స్టోర్ చూసే ఇస్రాయేలు. జగిత్యాల వైపు మనిషి, నర్సింగ్‌కు అన్న వరస.

"నర్సింగా, నా ఇజ్జత్ తీసినవు గదరా."

"ఏమైందన్నా?"

"నీ పలక, నీ పేజీ అచ్చు తీసిన కాగితం నఫీసక్క దగ్గర తెచ్చుకున్న. కాగితంల ఉన్నది ఉన్నట్టు చేసి మా సత్తవ్వకు ఉత్తరం కొట్టిన. ఊరికి పోయేటోడు కారు ఎక్కుతుండె, సదువకుండనే కవర్ల పెట్టి ఇచ్చిన. ఏం రాసిన్నో ఎరుకేనా? వడ్లు తడవనీయకు, ఎలుకలను రానీయకు అని. ఏం అచ్చయిందో ఎరుకేనా?"

"చెప్పు."

"వడలు తడవనీయకు, ఎలుకలను రానీయకు. బడి పంతులు అందరి ముంగట సదివిండట. ఇంట్ల వడలు ఆరబెట్టుకున్నవా సత్తవ్వా అని ఊరు ఊరంత అడుగుతున్నరట. పైన ఆమె పేరేమో సతతవవ అని పడ్డది. పెండ్లాం పేరు గూడ మరిచిండు, మస్కట్ ఎండకు మెదడు కరిగింది అని మా అత్త ఏడ్సుడు."

నర్సింగ్ నవ్వబోయి ఆపుకున్నాడు. ఇస్రాయేలు ఆపలేదు.

"కింద నీ పేరే ఉన్నది గదా, చూసుకునేది నర్సింగ్ అని. ఏం చూసినవురా? ఇక్కడ నలభై మందికి నేనే ఉత్తరాలు కొడ్త. నీ పలక తీసి పారేస్తున్న. ఇగ మనిద్దరికి మాట లేదు."

ఫోన్ పెట్టేశాడు. నర్సింగ్ చెవిలో రిసీవర్ అరగంట మోగిందంటారు, రెండు నిమిషాలైనా మోగి ఉంటుంది. ఫోర్‌మన్లతో తాను మాట మానేయడం వేరు. తన పని బాగాలేదని తనవాడు తనతో మాట మానేయడం వేరు.

శుక్రవారం నఫీసా దగ్గర పేజీ తెరిచాడు. అతను రాసిన వాక్యం ఇది: "ఒక అక్షరం కింద ఇంకో అక్షరం ఒత్తు రావాలంటే మొదటి అక్షరం ఒత్తి, ఒత్తు మీట ఒత్తి, తర్వాత ఒత్తయ్యే అక్షరం ఒత్తాలె." ఇప్పుడక్కడ ఉన్న వాక్యం ఇది: "ఒక అక్షరం కింద ఇంకో అక్షరం రావాలంటే మొదటి అక్షరం, తర్వాత అక్షరం ఒత్తాలె."

వాక్యం నున్నగా గుండు గీసినట్టుంది. ఒత్తు మీట ఊసే లేదు. ఆ మీట ఒత్తకపోతే వడ్లు వడలు కాక ఇంకేమవుతాయి?

పలకలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరేది మార్చినా మార్పుల పేజీలో తేదీ, పేరు రాయాలి. నర్సింగ్ చుక్క మార్చినా రాసేవాడు. ఆ పేజీ చూస్తే నవంబర్ అంతా ఖాళీ.

"ఎవరొచ్చిన్రు నఫీసక్కా?"

"రావు సాబ్ వచ్చిండు భయ్యా. మూడో తారీఖు. పావుగంట కూసున్నడు, ఏమీ రాయలే. చెరిపే మీట ఒక్కటే టకటక కొట్టిండు. మంచిగ సాఫ్ చేసిన అని చెప్పి పోయిండు."

నర్సింగ్ ఆ వాక్యం ఉన్న పేజీని అచ్చు తీయించుకుని నేరుగా రూవీ వెళ్ళాడు. షేర్ టాక్సీలో అతని పక్కన కూర్చున్న బలూచీ ఆయన ఆ ముఖం చూసి ఒక స్టాపు ముందే దిగిపోయాడట.

వెంకటేశ్వర రావు తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు. ఆయన భార్య శ్యామలాదేవి కాఫీ తెచ్చి పెట్టింది. నర్సింగ్ కప్పు ముట్టలేదు, కాగితం బల్ల మీద పెట్టాడు.

"సార్, ఇది మీరు కొట్టేసిందేనా?"

"కొట్టేయడం ఏవిటయ్యా, దిద్దాను. ఒక్క వాక్యంలో ఆరు సార్లు ఒత్తు, ఒత్తు, ఒత్తు. కార్తీక దీపాలకు వత్తులు చేస్తున్నావా? చదివేవాళ్ళు నవ్వరూ?"

"ఇప్పుడు నవ్వుతున్నరు సార్. ఒకటి ఒత్తు, ఒకటి ఒత్తుడు. నడుమల ఉన్నది మీట పేరు. దాన్ని గూడ చెరిపినంక మనిషి దేన్ని ఒత్తుతడు? నా పీకనా?"

"మా వైపు నొక్కడం అంటారు."

"మీ దిక్కు నొక్కుండ్రి, ఎవరొద్దన్నరు. నొక్కుమని రాసినా మీట బతికి ఉండేది. మీరు మీటనే మింగిన్రు."

రావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ మాత్రం ఊహించుకోలేనివాళ్ళకు కంప్యూటరెందుకయ్యా?"

ఆ మాటకు నర్సింగ్ లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కాలిన ఇటుకల్లా అయ్యాయి. "సమాయిల్ల నలభై మంది సార్. పొద్దంత కాంక్రీటు పోసి, చేతులు కడుక్కొని వచ్చి ఉత్తరం రాయించుకుంటరు. వాళ్ళ కోసమే రాసిన. మీ ఉపన్యాసం కోసం రాయలే."

శ్యామలాదేవి కాగితం అందుకుంది. "ఏవండీ, గొడవెందుకు, ఇందులో ఉన్నట్టే నేను కొట్టి చూస్తాను." ఆ ఇంటి కంప్యూటర్‌లోనూ పలక ఉంది. తన పేరు కొట్టింది. కాగితం చూసింది, మళ్ళీ కొట్టింది. "ఇదేంటండీ, శయామలాదేవి అని పడుతోంది. నేనేమన్నా పడక మీద ఉన్నానా?"

"ఆ కంప్యూటర్ పాతది" అన్నాడు రావు.

"అమ్మా, శ ఒత్తుండ్రి" అన్నాడు నర్సింగ్. "ఇగ ఈ మూల మీట ఒత్తుండ్రి. ఇప్పుడు య."

శ కింద య చక్కగా వచ్చి కూర్చుంది. శ్యామలాదేవి మొగుడి వైపు తిరిగింది. "అయితే నలభై మంది ఆడవాళ్ళ పేర్లు పాడు చేసొచ్చారన్నమాట."

రావు చేయి ఊపాడు. "సరేనయ్యా, నీ ఒత్తులు నువ్వు పెట్టేసుకో. ఇక వదిలేయ్."

"పెట్టుడు ఒక్కటే గాదు. తీసింది ఎవరో మార్పుల పేజీల రాస్త."

"అది దేశదేశాల వాళ్ళు చూస్తారు. సంఘంలో నా పరువేం కావాలి?"

"నా పేరు గూడ ఆ దేశదేశాలోళ్ళే చూస్తున్నరు సార్. చెరిపింది మీరు, తిట్లు నాకా?"

ఆ సాయంత్రమే నఫీసా దగ్గర వాక్యాన్ని మళ్ళీ పెట్టాడు. ఆరు ఒత్తులూ లెక్కపెట్టుకున్నాడు. మార్పుల పేజీలో ఇలా రాశాడు: "నవంబర్ 3: వెంకటేశ్వర రావు ఐదు ఒత్తులు తీసేసిండు. డిసెంబర్ 4: నర్సింగ్ మళ్ళ పెట్టిండు." కొత్త కాగితం అచ్చు తీయించి, దానికి మార్పుల పేజీ కూడా కుట్టి, సమాయిల్ పోయే కంపెనీ పికప్‌లో ఇస్రాయేలుకు పంపాడు.

రావు విశ్వతేజకు మూడు పేజీల ఫిర్యాదు రాశాడు. వరంగల్ నుంచి ఒకటే ముక్క జవాబు వచ్చింది: "రాసింది నిజమైతే ఉండనివ్వండి."

ఇస్రాయేలు తర్వాతి బుధవారం ఫోన్ చేశాడు. క్షమించమనలేదు. "ఇంకో నాలుగు కాగితాలు పంపు, గోడకు అంటియ్యాలె" అని మాత్రం అన్నాడు. నర్సింగ్ కూడా ముక్తసరిగా "పంపుత" అన్నాడు.

ఆ శుక్రవారం పేజీ తెరిస్తే రావు మళ్ళీ వచ్చి వెళ్ళాడని తెలిసింది. మార్పుల పేజీలో వాక్యాన్ని చెరపలేదు, దిద్దాడు: "శ్రీ వెంకటేశ్వర రావు గారు ఐదు ఒత్తులు తొలగించారు." శ్రీలోనూ శ్వలోనూ ఒత్తులు ఎక్కడివక్కడ ఉన్నాయి. కట్టుబాటు ప్రకారం తేదీ కూడా వేశాడు.

నఫీసా భుజం మీదుగా చూసింది. "పాతది పెడ్తవా భయ్యా?"

నర్సింగ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "శ్రీ ఉండనీ, గారు గూడ ఉండనీ. పెద్దమనిషి, పెట్టుకోనీ."

చివరి మాట ఒక్కటి చెరిపి, తన మాట కొట్టాడు. పలక వెబ్‌సైట్ బతికున్నన్నాళ్ళు ఆ వరుస అలాగే ఉంది: "శ్రీ వెంకటేశ్వర రావు గారు ఐదు ఒత్తులు తీసేసిండు."