శామీర్‌పేట బెస్త గల్లీ నడక: పదహారేళ్లు ఆలస్యంగా చేరిన ఉంగరం

నేను ఏ ఊరు వెళ్లినా తిండి కోసమో, పాత గోడల కోసమో వెళ్తానని ఈ బ్లాగు చదివేవాళ్లందరికీ తెలుసు. ఈసారి మాత్రం ఒక మనిషిని క్షమించమని అడగడానికి వెళ్లాను. బహదూర్‌పల్లిలో మా ఇంటి నుంచి శామీర్‌పేట గంటన్నర దారి. ఆ గంటన్నర దారి దాటడానికి నాకు పదహారేళ్లు పట్టింది. నా తమ్ముడు కిరణ్, ఇంజనీరింగ్ మూడో ఏడు పరీక్షలు అయిపోయిన రోజు స్నేహితులతో శామీర్‌పేట చెరువుకు వెళ్లి, తూము దగ్గర మెట్ల మీద జారి మునిగిపోయాడు. వాణ్ని బయటకు తెచ్చింది మల్లయ్య అని, అక్కడ చేపలు పట్టుకునే మనిషి. కట్ట మీద వాణ్ని పడుకోబెట్టాక నేను ముందు ఏడవలేదు. వాడి వేలు చూసి, "ఎర్రరాయి ఉంగరం ఏది? వేలికే ఉండాలి కదా!" అని అరిచాను. ఆ మాట వినగానే మా బాబాయి వెళ్లి మల్లయ్య మెడ పట్టుకున్నాడు. తడి లుంగీలో వణుకుతూ నిలబడ్డ ఆ మనిషి, అంతమంది ముందు నడుము దగ్గర మడతలు విప్పి, దులిపి చూపించాడు.

నాలుగో రోజు హాస్టల్ నుంచి కిరణ్ పెట్టె వచ్చింది. అందులో కాలిక్యులేటర్ కవరు ఉంది. ఆ కవర్లో ఉంగరం ఉంది. పరీక్ష రాసేటప్పుడు వేలికి ఒత్తుకుంటోందని తీసి పెట్టుకుని ఉంటాడు. "అయిందేదో అయింది, ఇప్పుడు ఎవరికీ చెప్పకు" అంది అమ్మ. నేను చెప్పలేదు. తప్పంతా అమ్మ మీదకు నెట్టను, అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు, ఉద్యోగం చేస్తున్నదాన్ని, బస్సెక్కి వెళ్లడం తెలియని పిల్లను కాదు. సిగ్గేసి వెళ్లలేదు, అంతే. పోయిన నెల అమ్మ ఆ ఉంగరం తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇది ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టడం లేదే" అంది. అదే వారం ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. శామీర్‌పేట పాత ఊళ్లో ఆదివారం ఉదయం నడక, గైడు గంగామణి, చివరి మజిలీ మునిగినవాళ్లను పైకి తెచ్చే మల్లయ్య ఇల్లు అని రాసి ఉంది. చదివి, మళ్లీ చదివి పేరు ఇచ్చాను.

ఆదివారం పొద్దున నాలుగూముప్పావుకి బయల్దేరాను. బహదూర్‌పల్లి నుంచి గండిమైసమ్మ చౌరస్తాకు, అక్కడి నుంచి మేడ్చల్‌కు షేర్ ఆటోలు ఆ వేళకే దొరుకుతాయి, ముప్పై రూపాయలు. మేడ్చల్‌లో మాత్రం ఆటో నిండేదాకా ఆగాలి, ఓ ఇరవై నిమిషాలు చేతిలో పెట్టుకోండి. శామీర్‌పేటకు నలభై అడిగాడు. నేను ఒక్కదాన్నే ఉండటం చూసి డ్రైవరు అద్దంలో నుంచి పలకరించాడు.

"చెర్వు కాడికా మేడం?"

"ఊళ్లోకి. నడక ఉంది."

"నడిస్తే నడువుండ్రి గని నీళ్లల్ల దిగకుండ్రి. పట్నం పోరగాళ్లు మస్తు ధైర్యంగ దిగుతరు. మళ్ల మల్లయ్య తాతను పిలుచుడే. ఆయనకు సుత ఇగ శాతనైతలేదు."

పేరు వినగానే సంచిలో చెయ్యి పెట్టి ఉంగరం ఉందా లేదా అని చూసుకున్నాను. ఆ దారిలో అలా ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలియదు.

నడక ఆరున్నరకు పాత బస్టాండు పక్కన ఛాయ్ హోటల్ దగ్గర మొదలవుతుంది. పొద్దుటి తిండితో కలిపి మనిషికి మూడు వందలు. మేం ఆరుగురం ఉన్నాం. అల్వాల్ నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య, కెమెరాలు మెడలో వేసుకున్న ముగ్గురు కాలేజీ అమ్మాయిలు, నేను. గంగామణికి నా వయసే ఉంటుంది. వారమంతా చేపలు అమ్ముతుంది, ఆదివారం మాత్రం ఇలా జనాన్ని తిప్పుతుంది. మల్లయ్య కూతురినని తనే మొదట చెప్పింది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. "ఏంది మేడం, మొకం గట్ల వెట్టినవ్? ఛాయ్ మంచిగ లేదా?" అని నన్ను అడిగింది. బాగుందన్నాను. నిజానికి గ్లాసు అలాగే పట్టుకుని నిలబడ్డాను.

పాత ఊరు చిన్నదే, తీరిగ్గా నడిచినా గంటలో అయిపోతుంది. రాతి గోడల ఇళ్లు కొన్ని మిగిలాయి. వాటి మధ్య ప్లాట్లు అమ్మి కట్టుకున్న మూడంతస్తుల మేడలు లేచాయి. ఒక మేడ గేటు దగ్గర గంగామణి ఆగి, ఇది ఒకప్పుడు వలలు ఆరేసుకునే జాగా అని చెప్పింది. బెస్త గల్లీలో మాత్రం ఇంకా ఇళ్ల ముందు వలలు వేలాడుతున్నాయి. పచ్చి చేపల వాసన, తడి నైలాను వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. అరుగు మీద ఒకావిడ వల బాగుచేస్తోంది. కన్ను ఒక్కటి తెగినా చుట్టూ ఉన్న నాలుగు కళ్లు విప్పి మళ్లీ అల్లాలట. కాలేజీ అమ్మాయి నేర్పించమని పక్కన కూర్చుంటే, "నీ గోర్లు జూస్తే నా వల చింపేటట్టున్నవు బిడ్డా" అని ఆవిడ నవ్వింది. అందరూ నవ్వారు. ఇంకో రోజైతే నేనూ ఆ అరుగు మీద గంటసేపు కూర్చునేదాన్ని.

కట్ట మీదకు ఏడున్నరకు ఎక్కాం. మబ్బు పట్టి ఎండ ఇంకా రాలేదు. గాలి జవహర్‌నగర్ చెత్తకుప్పల వైపు నుంచి వీస్తే చెత్త వాసన అక్కడిదాకా వస్తుందని చెప్పారు గానీ ఆ రోజు గాలి లేదు. తూము దగ్గరకు వెళ్లేసరికి నేను నాలుగడుగులు వెనకే నిలబడ్డాను. గంగామణి అక్కడే ఆగి, వాళ్ల నాన్న పని గురించి చెప్పడం మొదలుపెట్టింది.

"మా నాయిన నీళ్లల్లకెళ్లి ఎవల్ని తీసినా పైసలు ముట్టడు. మూడొద్దులు వల సుత ముట్టడు. మూడో నాడు ఇంట్ల వండిచ్చి, మునిగిన కాడ పిట్టకు పెడ్తడు. సచ్చిన సొంతోళ్లకు పెట్టినట్టే. అదేందే నాయినా, వాళ్లు మనకేమైతరు అంటే, నా చేతులల్ల వచ్చిండ్రు గద, ఏమన్న అయితరు అంటడు. పేర్లు తెల్వవు మరి. పెత్రమాస నాడు పెద్దల పేరు మీద బియ్యం ఇస్తం గద, అప్పుడు మా తాత పేరు, అవ్వ పేరు చెప్పినంక, ఎర్రచీర ఆమె, గడ్డమాయన, నీలం అంగి పిలగాడు, గిట్ల చెప్పుకుంట ఇస్తడు."

ఆ నీలం చొక్కా నా మొదటి జీతంతో నేను కిరణ్‌కు కొన్నది. వాడి కోసం మా ఇంట్లో పెట్టే పెత్రమాస ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్లూ. మేం దొంగ అన్న మనిషి కూడా ఏటేటా వాడికి బియ్యం ఇస్తున్నాడు. నాకు కళ్లు తిరిగినట్టయి తూము గోడ పట్టుకున్నాను. ఎండ అనుకుని బ్యాంకాయన భార్య తన నీళ్ల సీసా ఇచ్చింది. ఎండ లేదని ఆవిడకు గుర్తు రానందుకు బతికిపోయాను.

"పైసలు తీసుకోనాయన మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ ఉండదు కదమ్మా" అన్నాడు బ్యాంకాయన.

"ఎందుకుండదు సార్? గా నీలం అంగి పిలగాని అక్క ఉంగరం పోయిందని లొల్లి జేసింది. మా నాయిన తియ్యలే. గని చెయ్యి వట్టి గుంజినప్పుడు నా చేతులకెళ్లే జారిందేమో, గట్లయితే తప్పు నాదే గద అనుకున్నడు. ఇగ జూడుండ్రి! ఎండకాలం నీళ్లు తగ్గంగనే జల్లెడ వట్టుకొని గీడికి వచ్చుడు, పొద్దంత బురద జల్లిచ్చుడు. నీళ్లుంటే మునుగుడు. మునిగి మునిగి ఎడమ చెవు పోయింది. ఊర్ల ఉంగరం మల్లయ్య అని పేరు వెట్టిండ్రు."

"దొరికిందా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"ఏడ దొరుకుతది!" అని గంగామణి నవ్వి, ముందుకు నడిచింది.

అక్కడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. కావలసినంత గట్టిగా అరవడం మాత్రం ఇదే కట్ట మీద వచ్చింది నాకు.

మల్లయ్య ఇల్లు గల్లీ చివర, రెండు గదుల రేకుల ఇల్లు. ముందు రోజు సాయంత్రం వండి పెట్టిన చేపల పులుసు, వేడివేడి జొన్నరొట్టె పెడతారు. పులుసు ఒక పూట నిలవుంటేనే ముక్కకు పులుపు పడుతుందని గంగామణి చెప్పింది, నిజమే. మీరు వెళ్తే కడుపునిండా తినండి. నేను ఒక ముక్క కంటే ఎక్కువ మింగలేకపోయాను. మల్లయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని అందరికీ దండం పెట్టాడు. డెబ్బై దాటి ఉంటాడు. బాగా చిక్కిపోయాడు. ఆయన వెనక గోడకు, మేకుకు తగిలించి ఒక సన్నకళ్ల జల్లెడ ఉంది.

తొమ్మిదికి అందరూ వెళ్లిపోయారు. నేను గంగామణి వెనకే వంటింట్లోకి వెళ్లి, ఉంగరం తీసి చూపించి, ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. పొయ్యి మీది రొట్టె మాడి పొగ వచ్చేదాకా ఇద్దరం కదల్లేదు.

"గా అక్కవు నువ్వేనా?" అంది చివరికి. "నాలుగో నాడే దొరికిందా? మా అమ్మ సచ్చేటప్పుడు సుత గా ఉంగరం దొరికితే బాగుండు అనుకుంటనే పోయింది, ఎరుకేనా నీకు?"

నన్ను తిట్టమని అడిగాను. ఆమె తిట్టలేదు. పెనం దింపి, కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు తగ్గించి అంది: "అక్కా, ఒక్క పని జెయ్యి. చెరువుల దొరికిందని చెప్పు. ఎవలకో వలల పడ్డదని చెప్పు. గిన్నేండ్లు ఉత్తగనే దేవులాడిన అని తెలిస్తే మా నాయిన తట్టుకోడు."

సరేనన్నాను. నిజం చెప్తున్నాను, సరేనన్నప్పుడు నాకు ప్రాణం కాస్త తేలికపడింది కూడా. బయటకు వచ్చి ఆయన కుడి చెవి వైపు కూర్చుని, ఉంగరం అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఎర్రరాయి" అన్నాడు. "గదేనా? నీలం అంగి పిలగానిదేనా? ఏడ దొరికింది బిడ్డా, తూము కాడనేనా?"

ఆ మొహంలో సంతోషం చూశాక అవునని తలూపితే చాలనిపించింది. అప్పుడు ఇంకో అబద్ధం అవుతుంది, అంతే కదా. కానీ ఈ ఇంటి మీద మా వాళ్లది ఒక అబద్ధం ఇప్పటికే ఉంది. రెండోది పెట్టడానికి నాకు మనసొప్పలేదు. గంగామణి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"కాదు పెద్దయ్యా. మా ఇంట్లోనే దొరికింది. వాడి పెట్టెలో. నాలుగో రోజే దొరికింది. ఆ రోజు కట్ట మీద అరిచిన అక్కను నేనే."

ఆయన ఉంగరాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. నేను కాళ్ల మీద పడబోతే భుజం పట్టుకుని ఆపాడు.

"నీళ్లల్ల లేదన్నట్టు" అన్నాడు. "నా చేతులకెళ్లి జారలేదన్నట్టు."

"లేదు పెద్దయ్యా."

"మరి ఒక్క మాట చెప్పి పంపితే అయిపోవు గద బిడ్డా."

కోపంగా అనలేదు. అందుకే నాకు ఏడుపు ఆగలేదు. ఉంగరం మళ్లీ నా చేతిలోనే పెట్టి, "పిలగాని పేరేంది?" అని అడిగాడు. కిరణ్ అని చెప్పాను. కిరణ్, కిరణ్ అని రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత కూతురి వైపు చూసి, "గా జల్లెడ తీసెయ్ బిడ్డా" అన్నాడు. గంగామణి మంచమెక్కి జల్లెడ దించింది. అది తగిలించిన చోట గోడ మీద గుండ్రంగా సున్నం తెల్లగానే ఉంది. ఆయన వెనక్కి తిరిగి ఆ తెలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను వచ్చేటప్పుడు కూడా అటే చూస్తున్నాడు.

తిరుగు దారిలో మేడ్చల్ దాకా ఆటోలో అంచు సీటు దొరికింది గానీ బయట ఏం చూశానో గుర్తు లేదు. క్షమాపణ అడిగితే బరువు దిగుతుందంటారు, నాకేం దిగలేదు. డెబ్బై రూపాయల ఆటోల్లో వెళ్లి చెప్పగలిగిన మాట కోసం ఒక మనిషి చెవి పోయింది, పేరు పోయింది, ఆయన భార్య ఆ దిగులుతోనే పోయింది. ఇది ప్రయాణ బ్లాగులో రాయాలా అని ఆలోచించాను. మా బాబాయి ఆయన మెడ పట్టుకున్నది నలుగురి ముందు కాబట్టి, ఆయన దొంగ కాదన్న మాట కూడా నలుగురి ముందే ఉండాలని రాస్తున్నాను. ఈసారి పెత్రమాసకు మా ఇంటి బియ్యం కూడా తీసుకుని శామీర్‌పేట వెళ్తాను. రమ్మని ఆయన అనలేదు, వద్దనీ అనలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కట్ట మీద తూము పక్కన మెట్లు పైకి పొడిగా కనిపిస్తాయి. మూడో మెట్టు నుంచి కింద పాచి ఉంటుంది, ఎండాకాలంలో కూడా. ఫొటో కోసమైనా రెండో మెట్టు దాటకండి. మీరు జారితే మల్లయ్య ఈ వయసులో కూడా దిగుతాడు.