మనుషులొస్తే మొరాయించే కారం మిల్లు

2024 వేసవి. ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇళ్ల కప్పుల మీదా, చేలల్లో మోటార్లకూ సోలార్ బిగించడం నా పని. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని చాలామంది అడుగుతుంటారు. బడిలోనే. లెక్కలు రానందుకు మా మాస్టారు రోజూ నన్ను ఎండలో మోకాళ్ల మీద నిలబెట్టేవారు. సూర్యుడికి ఎంత శక్తి ఉందో అక్కడే తెలిసింది. ఎనిమిదో తరగతికి ఆ చదువు చాలనిపించి వచ్చేశాను.

సత్తెనపల్లి దగ్గర ఒక ఊళ్లో రత్నమ్మక్కకు కారం మిల్లుంది. భర్త ఏసుదాసు బావ వద్దంటున్నా వినకుండా డీజిల్ ఇంజన్ తీసేయించి సోలార్ మోటారు పెట్టించింది. భూమి ఇంకా వేడెక్కకూడదంటే కరెంటు పొగ లేకుండా పుట్టాలట, నూనె తాగే యంత్రాలన్నీ ఆ కరెంటు మీదికి మారాలట. పెద్దపెద్ద సభల్లో చెప్పే మాట ఇది. ఆ చుట్టుపక్కల అలా మారిన మొదటి మిల్లు నా చేతిదే కదా అని కొన్నాళ్లు మీసం మెలేసుకుని తిరిగాను. సరిగ్గా కారాలు పట్టించుకునే సీజన్లో అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నీ సోలారుకి మనుషులంటే సిగ్గేమో వచ్చి చూడు. నేనొక్కదాన్నే ఉంటే గిర్రున తిరుగుద్ది. నలుగురొచ్చారంటే మూలుగుద్ది."

పొద్దున్నే వెళ్లాను. ఇంకా ఎవరూ రాలేదు. డాబా ఎక్కి చూస్తే ప్యానెళ్లు కడిగిన పళ్లేల్లా ఉన్నాయి. కింద మోటారు హుషారుగా తిరుగుతోంది. బావ నన్ను షెడ్డు వెనక్కి తీసుకెళ్లి, గోనెపట్టా కప్పిన పాత ఇంజన్ చూపించాడు.

"దీన్ని కొనేవాడు మధ్యాహ్నానికి వస్తన్నాడు. అమ్మమంటావా, మళ్లీ బిగించుకోమంటావా? నువ్వే చెప్పు."

"నన్నడుగుతావేంది బావా, అక్కనడుగు."

అక్క నవ్వలేదు. "ఇవ్వాళ తేలకపోతే ఇంజనే బిగిస్తాం తమ్ముడూ. ఈ నెల పోగొట్టుకుంటే జనం పక్కూరి మిల్లుకి అలవాటు పడతారు. ఇంకో ఇద్దరు మిల్లోళ్లు మాదాన్ని చూసి పెట్టిద్దామని ఆగున్నారు. వాళ్లూ మానుకుంటారు."

ఎండ ఎక్కింది. జనం మూటలతో దిగారు. అక్క చెప్పినట్టే మోటారు కాసేపటికి నీరసపడింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండను మోటారుకు తగ్గట్టు మార్చి ఇచ్చే పెట్టెను డ్రైవ్ అంటాం. దాని మూత తీశాను, వైర్లు కదిపాను, మూత పెట్టాను, మళ్లీ తీశాను.

"ఏమబ్బాయ్, నీ సూర్యుడు టీ తాగటానికి పోయాడా?" అని ఎవరో అన్నారు. షెడ్డంతా నవ్వు.

అప్పుడే నాంచారమ్మ అనే మామ్మ, వెనకవైపు మెట్లమీంచి చిన్న మూటతో దిగింది. నా చేతిలో ఒక మిరపకాయ పెట్టి, "చూడు, ఎట్టా గలగలమంటందో. ముందు నాయి పట్టించు నాయనా" అంది.

మిరపకాయ పెనం మీంచి తీసినట్టు కాలుతోంది.

"ఎక్కడ ఎండబెట్టావు మామ్మా?"

"పైన, అద్దాల మీద. ఏం ఏడి, ఏం ఏడి. చాప దేనికీ పనికిరాదు దాని ముందు."

నేను మెట్లెక్కలేదు, ఎగిరాను. మా వైపు కారం పట్టించేముందు కాయల్ని మరోసారి ఎండలో వేసి, వేడి మీదే మిషన్లో పోస్తారు. మెత్తబడితే కారం ఉండ కడుతుంది. మిల్లు దగ్గర వంతు కోసం ఆగినవాళ్లకు వాలుగా, శుభ్రంగా, చుర్రున కాలే అద్దం దొరికింది. ప్యానెళ్ల నిండా మిరపకాయలే. ఎవరి వాటాకు వాళ్లు గుడ్డపేలికలతో హద్దులు కూడా పెట్టుకున్నారు. ప్యానెళ్లను దండ గుచ్చినట్టు ఒకదానికొకటి కలుపుతాం, దాన్ని స్ట్రింగ్ అంటాం. అందులో ఒకటి రెండింటిని కప్పినా వరుస మొత్తం కుంటుతుంది. అంటే పట్టాల్సిన మిరపకాయలే పట్టే మిషన్ను ఆపుతున్నాయి. డాబా మీద ఒక్కణ్ణే పడీపడీ నవ్వాను.

"తియ్యండమ్మా" అంటే ఒక్కరూ కదల్లేదు. "మరి మాయి ఎక్కడ ఎండాల?" అన్నారు. అక్క నా చెవిలో, "వద్దంటే పక్కూరికి పోతారు తమ్ముడూ" అంది.

నా వ్యాన్లో కంపెనీకి తిప్పి పంపాల్సిన పాడైన ప్యానెళ్లు కొన్ని ఉన్నాయి. కరెంటు పుట్టించలేవు గానీ కాలడంలో ఏ లోటూ లేదు. పనిచేసే ప్యానెళ్ల మీద నీడ పడకుండా డాబా ఉత్తరపు అంచున వాలుగా నిలబెట్టి కట్టాను. పనిచేసేవాటి చుట్టూ వల కట్టాం. కాయలు ఇటు మారాయి. నేను మెట్లు దిగేలోపే మోటారు గొంతు మారింది. షెడ్డు నిండా జనం, మిషన్ నిండా ఊపు. బావ కారం ఘాటుకు కళ్లు తుడుచుకుంటున్నానని అన్నాడు, మేం నమ్మినట్టు తలూపాం.

ఇంజన్ కొనేవాడు ట్రాక్టరుతో వచ్చాడు. బావ అక్క వైపు చూశాడు. "ఎక్కించండి" అంది అక్క.

కొత్త యంత్రం పెట్టడం సగం పనేనని నాకు ఆ రోజు తెలిసింది. దాని చుట్టూ తిరిగే జనం అలవాట్లకు కూడా చోటు చూపిస్తేనే పాతది మళ్లీ వెనక్కి రాదు. ఆ సంబరంలో పక్కనున్న నాంచారమ్మ మామ్మతో, "చూశావా మామ్మా, అదిగో ఒక ఇంజన్ పోయింది. ఇట్టా ఒక్కోటీ పీకేసి భూమి వేడి తగ్గించే పని మాది" అన్నాను.

మామ్మ రెండో మూట విప్పుతూ నన్ను ఎగాదిగా చూసింది.

"తగ్గిద్దువులే గానీ నాయనా, నా కాయలు ఎండిందాకా ఆగు."