తగవు తెగని కరపత్రం

ఐర్లండ్‌లోని కార్క్ నగరం దక్షిణపు పేటలో ఉన్న హాలును గబ్నిట్ టూమీ పంతొమ్మిదేళ్లుగా చూసుకుంటోంది. తాళాలు, కుర్చీలు, కాగితాలు అచ్చువేసే యంత్రం అన్నీ ఆమె చేతిలోనే. ఏ పార్టీ వాళ్లు వచ్చినా టీ కాచి ఇచ్చేది, వాళ్ల వాదనల్లో మాత్రం వేలు పెట్టేది కాదు.

ఆ ఏడు నగర కౌన్సిల్ ఎన్నికలకు వామపక్షం, గ్రీన్ పార్టీ కలిసి ఒకే కరపత్రం వేద్దామనుకున్నాయి. వామపక్షం అభ్యర్థి గబ్నిట్ తమ్ముడు ఫాక్నా, రిటైరైన బస్సు డ్రైవరు. గ్రీన్ అభ్యర్థి సైకిళ్లు బాగుచేసే నెసా. ఇళ్లు, బస్సుల సంగతి చిటికెలో తేలింది. కంపెనీల లాభాల మీద పన్ను దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ భీష్మించుకున్నారు.

"రెట్టింపు చెయ్యాల్సిందే!" అన్నాడు ఫాక్నా.

"చేస్తే మూటాముల్లె సర్దుకుని పోతాయి బాబాయ్. అది అలాగే ఉంచి, పొగ వదిలే ఫ్యాక్టరీల మీద వేద్దాం," అంది నెసా.

"అంటే పొగ లేకుండా దోచుకునేవాడికి దండ వేద్దామా?"

మూడు శనివారాలు ఇదే వరస. గబ్నిట్‌కు ఒళ్లు మండింది.

"ఒరేయ్, వీధిలో గుంట పూడ్చడానికే మన కౌన్సిల్‌కు ఏడాది పట్టింది. ఆ పన్ను తేల్చేది డబ్లిన్‌లో పార్లమెంటు కదరా, ఇక్కడ జుట్లు పట్టుకోవడమెందుకు?"

"సిద్ధాంతం!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

ఆమె వాళ్లకు చెప్పకుండానే కరపత్రంలో పన్ను సంగతికని ఖాళీ వదిలిన చోట రెండు ముక్కలు అచ్చుకొట్టి, కరపత్రాలు ఇంటింటా పంచేసింది: "కంపెనీల పన్ను మీద మా తగవు తీరలేదు. శనివారం మూడింటికి వచ్చి వినండి. కేకు ఉంటుంది."

"పరువు తీశావు కదే అక్కా!" అని ఫాక్నా గింజుకున్నాడు.

శనివారం కుర్చీలు చాల్లేదు. ఇద్దరూ గంటసేపు అరుచుకున్నాక వెనక నుంచి ఎవరో అడిగారు: "గబ్నిట్, నువ్వేమంటావు?"

ఆమె ట్రే పక్కన పెట్టింది. "మా ఆయన పనిచేసిన తోళ్ల ఫ్యాక్టరీ ఉంది చూడండి, పైసా పన్ను పెంచకపోయినా మూటకట్టుకుని పోయింది. ఉన్నన్నాళ్లూ ఏటిని కంపు చేసింది. వీళ్లిద్దరిలో ఏ ఒక్కరు అలాంటివాళ్లను గట్టిగా నిలదీసినా నాకు చాలు."

హాలంతా చప్పట్లు. గబ్నిట్ చెవులు ఎర్రబడ్డాయి.

అక్కడ ఓటరు తన ఎంపికలను వరసగా గుర్తిస్తాడు; ఒక్కో విడతలో అందరికన్నా తక్కువ ఓట్లొచ్చినవాళ్లు పోటీలోంచి పోతే, వాళ్ల ఓట్లు తర్వాతి ఎంపికకు చేరతాయి. లెక్కింపులో ఫాక్నా నాలుగో విడతలో పోటీలోంచి పోయాడు. అతనికి ఓటేసినవాళ్లలో చాలామంది రెండో ఎంపికగా నెసాను పెట్టారు. ఆ ఓట్లతోనే ఆమె గెలిచింది.

"మావాళ్లు ఇంత మెతకని తెలీదు," అని సణుగుతూనే ఫాక్నా ఆమెను భుజాలకెత్తుకున్నాడు. "ఇప్పుడు చెప్పు, రెట్టింపేనా?"

"ముందు దించు బాబాయ్!"

"ఒప్పుకుంటేనే దించుతా."

నవ్వు ఆపుకోలేక గబ్నిట్ గోడకు జారగిలబడింది.