చీటీ మూలన ‘మా’

మా క్యాజువాలిటీలో అరిచేవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళం. నోరు లేస్తోందంటే ఊపిరి ఆడుతున్నట్టే. ఉలుకూ పలుకూ లేకుండా దిగినవాళ్ళ దగ్గరికే పరిగెడతాం. బంధువులకు ఇది అర్థం కాక మమ్మల్ని రాతిగుండెలంటారు. అనుకోనీ. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ నర్సును, నాకు అలవాటే.

ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు స్ట్రెచర్ తోసే బాబాయ్. వరసకి ఎవరికీ ఏమీ కాడు గానీ, పెద్ద డాక్టరు దగ్గర్నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ బాబాయే. ఎడమ ముందు చక్రం మొరాయించే స్ట్రెచర్ ఒకటుంది, అది ఆయన చేతిలో తప్ప తిన్నగా నడవదు. దాన్ని తోస్తూ దెబ్బతిన్న మనిషిని ఒకటే అడుగుతాడు: “ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?” కాలు విరిగినవాడు కూడా ఆ ప్రశ్నకి తెల్లబోయి, మూలుగు ఆపి జవాబు చెప్తాడు. చెప్పాడంటే చాలు, “మాట్లాడుతున్నాడు” అంటూ బాబాయ్ లోపలికి వస్తాడు. నేను చీటీ మూలన ఆ మాటే పొట్టిగా ‘మా’ అని రాసి బెంచీ చూపిస్తాను. ‘మా’ ఉన్నవాళ్ళు కాసేపు ఆగగలరు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మేం పెట్టుకున్న పద్ధతి.

ఆయన భార్య మాకు పిన్ని. రోజూ పన్నెండున్నరకి క్యారియర్ తెచ్చేది. “మీ బాబాయ్ ఊళ్ళోవాళ్ళందరి కూరలూ కనుక్కుంటాడు. నేను చేసినదానికి మాత్రం ఉప్పు తక్కువంటాడు” అని నాతో చాడీలు చెప్పేది. ఆయన వింటూ ముసిముసిగా నవ్వేవాడు. పిల్లల్లేరు. ఆమెకి ఆయన, ఆయనకి ఆమె.

ఆ రోజు ఆసుపత్రి మెట్లు అప్పుడే తుడిచారు, తడి ఆరలేదు. పిన్ని జారింది. చేతులు రెండూ క్యారియర్‌కి అడ్డం పెట్టుకుంది, తలకి పెట్టుకోలేదు. మెట్టు అంచు చెవి పైన తగిలింది. నిమిషం పాటు స్పృహ లేదని వాచ్‌మన్ చెప్పాడు. కానీ నా దగ్గరికి తనే నడిచి వచ్చింది. గాయం గోరంత. కళ్ళలో లైటు వేసి చూశాను, బాగానే ఉన్నాయి. డాక్టరుగారు స్కాన్ రాశారు.

చీటీ చూసి పిన్ని అడిగింది, “ఏంటమ్మాయ్, ‘మా’ అని రాశావు? మా మనిషి అనా?”

“అవును పిన్నీ, మా మనిషివే. కూర్చో.”

అంతలో ఎక్కడో పరంజా కూలి ఏడుగురు కూలీలు వచ్చిపడ్డారు. ఇక ఎవరికీ ఎవరూ కనపడలేదు. బాబాయ్ స్ట్రెచర్‌తో బెంచీ పక్కనుంచే తిరుగుతున్నాడు. మొదటిసారి దాటుతూ, “ఏం కూర?” అన్నాడు.

“వంకాయ. చల్లారిపోతోంది, తొందరగా రండి.”

రెండోసారికి తల పగిలిపోతోందంది. “ఏం కూర?” అంటే, “చెప్పాగా, వంకాయ” అని విసుక్కుంది. స్కాన్‌కి ఆమె వంతు వచ్చింది. బాబాయ్ నా దగ్గరికి వచ్చి, “ఆమె మాట్లాడుతోంది అమ్మాయ్. స్ట్రెచర్ మీదున్న ఈ కూలీ పలకడం లేదు, ముందు ఇతన్ని తీసుకెళ్తాను. నా పెళ్ళామని ముందు తోసుకుపోతే బాగోదు” అన్నాడు. నేను తలూపాను.

మూడోసారి అడిగితే, “బంగాళాదుంప” అంది. “చూడు, నన్ను ఆటపట్టిస్తోంది” అని నాకు చెప్పి నవ్వుకుంటూ వెళ్ళాడు. నాలుగోసారికి ఆమె నిద్రపోతోంది. తన చొక్కా మీది కోటు విప్పి, మడిచి తల కింద పెట్టాడు. “పడుకుంది పాపం, లేపకు” అన్నాడు. నేను ఒకరి నుదుటికి కుట్లు వేస్తున్నాను. తల కూడా ఎత్తకుండా సరే అన్నాను.

ఇరవై నిమిషాల తర్వాత వెళ్ళి రెప్ప ఎత్తితే, ఒక కంటి పాప పెద్దదైపోయింది. పుర్రె కింద రక్తం మెల్లగా ఊరుతుంటుంది. అది మెదడుని నొక్కేదాకా మనిషి నవ్వుతుంది, కబుర్లాడుతుంది. కొత్తగా చేరిన నర్సులకి ఇది నేనే పాఠం చెప్తాను. ఆపరేషన్ గది దాకా బాబాయే తోశాడు. దారంతా “ఏం కూర, ఏం కూర” అని అడుగుతూనే ఉన్నాడు.

పిన్ని మూడో రోజు పోయింది. ముందు స్కాన్‌కి వెళ్ళిన ఆ కూలీ బతికాడు. అతను బతకాల్సినవాడే. ఆ మాట మనసారా అనుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మా మనిషివే అన్నాను. మా మనిషి కాబట్టే బెంచీ మీద వదిలేశాం.

పదిహేను రోజులకి బాబాయ్ పనిలోకి వచ్చాడు. నేను మొహం చాటేసి తిరుగుతుంటే, మందుల గదిలోకి తనే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“ఆపరేషన్ అవుతుంటే క్యారియర్ విప్పి చూశాను అమ్మాయ్. వంకాయే.”

నేను మందు సీసాలు సర్దుతున్నాను.

“ఆటపట్టించేటప్పుడు నా మొహం చూస్తుంది. ఎలా ఉడుక్కుంటానా అని. ఆవేళ చూడలేదు. గోడ వైపు చూసి చెప్పింది. నేను చూశాను కూడా. చూసి వెళ్ళిపోయాను.”

“చీటీ మీద రాసింది నేను బాబాయ్” అన్నాను. నీ తప్పేం లేదంటాడేమోనని ఎదురుచూశాను. అనలేదు. బయట బండి ఆగిన చప్పుడైతే లేచి వెళ్ళాడు.

ఇప్పుడూ అదే ప్రశ్న అడుగుతాడు. పది నిమిషాలకి మళ్ళీ అడుగుతాడు, మళ్ళీ అడుగుతాడు. నిద్రపోతుంటే లేపి మరీ అడుగుతాడు. “ఇందాక చెప్పాం కదయ్యా” అని జనం కసురుకుంటారు. “ఇంకోసారి చెప్పండి” అంటాడు. ‘మాట్లాడుతున్నాడు’ అన్న మాట మాత్రం ఆయన నోట మళ్ళీ వినలేదు. లోపలికి వచ్చి కూర పేరొక్కటే నాకు చెప్తాడు. నేను ‘మా’ రాయడం మానేసి, టైము వేసి ఆ పేరే రాస్తున్నాను. ఎవరైనా వంకాయ అంటే ఆయన చెప్పడు, చీటీ నా చేతిలోంచి తీసుకుని తనే రాస్తాడు.