ఒడిశా మీదికి పోయే గాలి

నా చిన్నప్పుడు మా ఊరికి రాబోయే గాలీ వానా ముందుగా ఇసుకలో కనబడేవి. ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు మాది. వెనక కొబ్బరి, జీడితోటలు, ముందు తెప్పలు. పక్కింటి అక్క వాళ్ళకి రేడియో ఉండేది. దసరా వెళ్ళి దీపావళి వచ్చేలోపు, సముద్రాన్ని నమ్మకూడని ఆ రోజుల్లో, వచ్చే వారమంతా దేశంలో ఎక్కడ ఎలా ఉంటుందో ఆదివారం మధ్యాహ్నం రేడియోలో చదివేవారు. అక్క అది విని, సాయంత్రం ఒడ్డుకొచ్చి తడి ఇసుకలో పుల్లతో దేశం బొమ్మ గీసేది. పైన కాశ్మీరంలో మంచు, రాజస్థాన్‌లో పొడి ఎండ, కేరళలో ఉరుముల వాన అని వేలు పెట్టి చూపించేది. సముద్రంలో అల్పపీడనం ఉంటే అక్కడొక గవ్వ. మా ఊరున్న చోట ఒక జీడిపిక్క. మా నాన్న, చిన్నాన్నలు, ఊళ్ళో మగవాళ్ళంతా చుట్టూ గొంతుక్కూచుని, కాశ్మీరం మంచుతో మనకేం పని అనకుండా, మాట ఆ జీడిపిక్క దాకా వచ్చేవరకు ఓపిగ్గా వినేవారు.

ఆ వినడమే నేను ఓర్చుకోలేకపోయాను. నాకప్పుడు పదేళ్ళు, అక్కకి పదిహేడు. నేనేదైనా చెప్తే మా నాన్న ముద్ద కలుపుకుంటూ ‘ఊఁ’ అనేవాడు. ఆవిడ చెప్తే నోట్లో చుట్ట తీసి చేత్తో పట్టుకునేవాడు. ఆ చుట్ట సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు. ఆవిడ జడ మీద, ఆవిడ పుల్ల మీద, తడబడకుండా చెప్పే ఆ తీరు మీద కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. వాళ్ళ కిటికీ కింద నక్కి నేను కూడా రేడియో వినడం మొదలుపెట్టాను.

ఒక వారం అక్క చెప్పినట్టు జరగలేదు. మంగళవారం నుంచి గాలి అంది, తెప్పలు ఒడ్డునే ఉండిపోయాయి, తీరా చూస్తే మూడు రోజులూ సముద్రం చెరువులా ఉంది. ఇళ్ళలో చారన్నంతో సరిపెట్టుకున్నారు. ఆడవాళ్ళు బావి దగ్గర అక్కని ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. ఊరంతా పస్తున్నట్టుంటే నాకు మాత్రం పండగలా ఉంది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా.

మరుసటి ఆదివారం అక్క గవ్వని సముద్రం మధ్యలో పెట్టింది. అల్పపీడనం బలపడి బుధవారానికి ఒడిశా వైపు పోవచ్చనీ, బుధ, గురువారాలు వేటకి వద్దనీ చెప్పింది. అందరి మొహాలూ వేలాడిపోయాయి. సందు దొరికిందని నేను లేచాను. ఆ మాట నేనూ విన్నానుగా.

“ఒడిశా మీదికి పోతే మనకేటి? అది వేరే రాష్ట్రం కాదేటి?” అన్నాను. అక్క చేతిలో పుల్ల లాక్కుని, జీడిపిక్కకి బారెడు దూరంలో ఒడిశా అని గీత గీసేశాను. మా నాన్న నోట్లో చుట్ట తీశాడు. ఆ క్షణం కోసమే అన్నాళ్ళూ బతికాను. మూడు తెప్పలవాళ్ళు వెళ్దామన్నారు. అందులో మా నాన్న కూడా ఉన్నాడు.

మా తాతయ్య వద్దనే అన్నాడు. ముందు వారం కూర లేని కంచాలు చూసినవాళ్ళు ఆయన మాట చెవిన పెట్టలేదు. ఇక వాళ్ళని వదిలేసి నావైపు తిరిగాడు.

“ఎవుల మాట మీద తెప్ప ఎల్తాదో ఆళ్ళు ఒడ్డున కూకోవాల గుంటా. ఆకరి తెప్ప వచ్చీదాకా లెగకూడదు. మనూరి కట్టుబాటది.”

నాకది శిక్షలా అనిపించలేదు, పీట వేసినట్టనిపించింది.

బుధవారం తెల్లారి తెప్పలు వెళ్ళాక ఒడ్డుకి పోయాను. అక్క అప్పటికే అక్కడ కూచుని ఉంది. నా పీట కూడా లాక్కోడానికి వచ్చిందనుకుని మూతి తిప్పుకుని దూరంగా కూచున్నాను. ఎండెక్కేసరికి కొబ్బరిమట్టలు ఒకవైపుకి వాలడం మొదలైంది. మధ్యాహ్నానికి ఇసుక మొహాన కొడుతోంది. అక్క జరిగి నా పక్కకి వచ్చి తన చెంగు నా తలమీద కప్పింది. “తిన్నావేటే?” అంది, అంతే. నువ్వన్న మాటకి ఇలా అయిందని ఒక్క మాట అనలేదు.

రెండు తెప్పలు వచ్చాయి. మా నాన్నది రాలేదు. కెరటం లేచినప్పుడల్లా నేను నిలబడేదాన్ని, అక్క నా చెయ్యి పట్టి కూచోబెట్టేది. పొద్దు వాలుతుండగా తెప్ప కనబడింది. వల పోయింది, ఒక తెడ్డు పోయింది, మా నాన్న అరచేతులు తోలు లేచి ఉన్నాయి. మనిషి మాత్రం వచ్చాడు. నన్ను తిట్టలేదు. ఆయన తిట్టకపోవడమే నాకు బాగా తగిలింది.

మర్నాడు గాలి తగ్గాక తాతయ్య నా చేతికి పుల్లిచ్చి, మన ఊరూ ఇచ్ఛాపురం గియ్యమన్నాడు. గీశాను. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయేనని, మా పెద్దమ్మ ఊరు అక్కడేనని, పొద్దున్న బయల్దేరితే అన్నం వేళకి చేరతామని నాకు తెలియనిదా? దేశం బొమ్మలో జీడిపిక్కకీ ఒడిశాకీ మధ్య వేలు కూడా పట్టదు. కుళ్ళుతో గీసిన గీత గనక బారెడు పట్టింది.

“మరి నిన్న అక్క ఒడ్డుకెందుకొచ్చింది? ఆవిడ మాట ఎవులూ వినలేదు కదా,” అని అడిగాను. అప్పుడు చెప్పాడు. అలాంటి కట్టుబాటు మా ఊళ్ళో ఏనాడూ లేదట. చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచి, వెళ్ళమన్నా వద్దన్నా, తెప్ప నీళ్ళలో ఉన్న ప్రతిరోజూ అక్క అలా కూచుంటూనే ఉందట. నేను ఆదివారాలే చూశాను, ఆవిడ మిగతా ఆరు రోజులు చూడలేదు.

అసూయ పోయిందా అంటే పోలేదు. పుల్ల మీద నుంచి ఆ కూచోడం మీదికి మళ్ళింది. ఇప్పుడు మా మనవరాలు ఫోన్లో వారం రోజుల వానలు, దేశం మొత్తం రంగులేసి చూపిస్తుంది. బాగానే చెప్తుంది ఫోను, కానీ చెప్పి ఊరుకుంటుంది. మనవరాలు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి పోతుంది. పొద్దున్న మబ్బు చూసి “ఇయ్యాల వాన రాదు, గొడుగెందుకే, పో” అన్నానంటే, సాయంత్రం దాని ఆటో మలుపు తిరిగేవరకు నేను గుమ్మంలోంచి లేవను.