లింబాద్రికి చెప్పని మాట

తొమ్మిదేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నేనే రాసిన వాక్యం. అది అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. అందుకే అంత బరువు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. పేరు దాచుకుని చేసే ఒప్పుకోలుకు విలువేముందని మీరు అడగవచ్చు. చివరిదాకా చదివాక అడగండి.

ఆర్మూర్‌లో నేను కార్మిక శాఖలో పనిచేశాను. కూలి చట్టాలు అమలవుతున్నాయో లేదో చూసే తనిఖీ అధికారులు ముగ్గురు నా కింద ఉండేవారు. ఎవరు ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించేది నేను. వాళ్లు చేసినదానికి పైవాళ్లకు జవాబు చెప్పేదీ నేనే. ఆ ముగ్గురిలో లింబాద్రి ఒకడు.

పసుపు వచ్చే రోజుల్లో మార్కెట్ చుట్టూ పాలిష్ షెడ్లు నడుస్తాయి. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను ఇనుప డ్రమ్ముల్లో వేసి తిప్పితే పైపొట్టు రాలిపోతుంది. ఆ దుమ్ములో పొద్దంతా నిలబడేది ఆడవాళ్లు. ఒక షెడ్డులో ఏడుగురు. పన్నెండు గంటల పని, చట్టం చెప్పిన కూలిలో సగం. హాజరు పుస్తకంలో ఒక్కరి పేరూ లేదు. పేరు లేని మనిషి తరఫున కేసు నిలబడాలంటే ఆమె పనిలో ఉండగా చూడాలి, అక్కడే ఆమె మాట రాసుకోవాలి. అందుకే ఫిర్యాదు మీద వెళ్లే తనిఖీ సంగతి ముందుగా ఎవరికీ తెలియకూడదు.

ఆ ఏడుగురూ ఏర్గట్ల వైపు నుంచి ఆటోలో వచ్చేవారు. లింబాద్రి రెండు నెలలు వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగాడు. ఫిర్యాదు ఇవ్వడానికి మొదట రాజవ్వ అనే ఆమె ఒప్పుకుంది, ఆమె వెనక మిగతావాళ్లు. పేర్లు బయటికి రావని అతను పూచీ ఇచ్చాడు. మంగళవారం పొద్దున వెళ్లాలని మేమిద్దరం నా గది తలుపు వేసుకుని అనుకున్నాం.

సోమవారం మధ్యాహ్నం నేను ఆ షెడ్డు సేటుకు ఫోన్ చేశాను.

ఎందుకు? లంచం తీసుకోలేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. తీసుకుని ఉంటే చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉండేది. ఆయనది మా తల్లిగారి ఊరు. నన్ను అక్కా అని పిలిచేవాడు. మామూలు తనిఖీలకు ముందురోజు ఫోన్ చేసి రిజిస్టర్లు సిద్ధంగా పెట్టమనడం మా దగ్గర అలవాటే. లేకపోతే పుస్తకాలు ఇంకెవరి దగ్గరో ఉన్నాయని వట్టి చేతులతో పంపిస్తారు. నేను ఆ అలవాటు వెనక దాక్కున్నాను. "రేపు మావోళ్లు వస్తరు, పుస్తకాలు సక్కగ పెట్టుకో" అన్నాను. భయపడి ఆడవాళ్ల పేర్లు రాసుకుంటాడని, అది వాళ్లకు మేలేనని అనుకున్నానా? అనుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అంతకంటే చిన్నది. ఏ పెళ్లిలోనో ఆయన ఎదురైతే ముఖం తిప్పుకోవలసి రావడం నాకు ఇష్టం లేదు.

లింబాద్రి వెళ్లేసరికి షెడ్డు కడిగి ఉంది. నలుగురు మగవాళ్లు, పుస్తకంలో నాలుగు పేర్లు. ఆడవాళ్లను అంతకుముందే ట్రాక్టర్ ఎక్కించి కమ్మర్‌పల్లి వైపు చేను పనికి పంపేశారు. సాయంత్రం ఏడుగురినీ ఇక రావద్దన్నారు. తర్వాత ఏ షెడ్డూ వాళ్లను పనిలో పెట్టుకోలేదు.

గురువారం రాజవ్వ మా ఆఫీసుకు వచ్చింది. లోపలికి రాకుండా ముందున్న ఖాళీ జాగాలో నిలబడి లింబాద్రిని కేకేసింది. అతను బయటికి వెళ్లాడు. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

"నాది పూచీ అంటివి గద లింబన్నా! గిదేనా నీ పూచీ? ఎంతకమ్మినవ్ మమ్ముల?"

"పిల్లల మీద ఒట్టు రాజవ్వా, నేను ఎవ్వలికి చెప్పలే."

"నువ్వు చెప్పకుంటె సేటుకు కల వడ్డదా? మా ఇంటాయన దుబాయ్‌ల ఉన్నడు, ఆర్నెల్ల సంది పైసలు లెవ్వు, ఫోను లేదు. పొల్లగాండ్లకు నీ పూచీ వండి పెట్టుమంటవా?"

వంగి దోసెడు మన్ను తీసి అతని మీద పోసింది. అతను దులుపుకోలేదు. తలెత్తి కిటికీ వైపు చూశాడు. అనుమానంతో కాదు, తన తరఫున ఒక్క మాట చెప్పమన్నట్టు. నేను పక్కకు జరిగాను.

తనిఖీ సంగతి ముందే ఎలా బయటపడిందని పై ఆఫీసు వివరణ అడిగింది. "తనిఖీ తేదీ సంబంధిత అధికారికి ముందుగా తెలుసు" అని రాసి సంతకం పెట్టాను. అతను చెప్పాడని రాయలేదు. నాకూ తెలుసని రాయలేదు. లింబాద్రికి ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి. దూరం బదిలీ చేశారు. ఊళ్లో అమ్ముడుపోయినవాడన్న పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

అతను నన్ను అనుమానించి ఉంటే ఇంత నరకం ఉండేది కాదేమో. అతను తననే అనుమానించుకున్నాడు. గత నెల ఊపిరితిత్తులు పాడై నిజామాబాద్ దవాఖానలో ఉన్నప్పుడు చూడటానికి వెళ్లాను. నన్ను చూడగానే లేవబోయాడు.

"మేడం, యాదికొచ్చింది. గా సోమవారం చాయ్ హోటల్‌ల కూసోని మా ఇంటామెకు ఫోన్ జేసిన. రేపు పొద్దుగాల్నే అన్నం డబ్బా కట్టు, పాలిష్ షెడ్డుకు పోయేదుంది అన్న. పక్కకు సేటు మనిషి ఎవడో ఉండి ఉంటడు. మెల్లగ మాట్లాడుడు నాకు వస్తదా? ఫోన్ లేకున్నా నీ గొంతు ఇంటిదాంక ఇనవడ్తది అంటదామె." నవ్వబోయి దగ్గాడు. "నా నోరే మేడం. ఇన్నేండ్లు తెల్వక సచ్చిన. ఇగ ఫికర్ పోయింది."

అప్పుడైనా చెప్పాల్సింది. వార్డులో మమ్మల్ని పట్టించుకునేవాళ్లు లేరు. అతని చేయి నా చేతిలో ఉంది. "గవన్ని ఇప్పుడెందుకు లింబాద్రీ, పండుకో" అన్నాను. లేని తప్పును తనదని నమ్మి అతను ఊపిరి పీల్చుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. అది దయ అని ఆ పూట నన్ను నేను నమ్మించుకున్నాను. మనిషి తనకు తాను ఎంతవరకు అబద్ధం చెప్పుకోగలడు? నాకు ఇంకా అంతు దొరకలేదు. నాలుగు రోజులకు అతను పోయాడు.

దినాలు అయ్యాక అతని భార్య గంగామణి నా దగ్గరికి వచ్చింది.

"మేడం, దినాల నాడు ఒకాయన తిని చెయ్యి కడుక్కుంట అన్నడు, కూలోళ్లను అమ్ముకున్నోడు, గందుకే గిట్ల పోయిండని. నా కొడుకు ఇన్నడు. అప్పటిసంది నాతోని మాట్లాడ్తలేడు. మీరు ఆయన మీద ఆఫీసరు గదా, ఆయన గసొంటోడు కాదని ఒక్క కాయిదం రాసియ్యుండ్రి."

మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. లింబాద్రి నిజాయితీపరుడని రాసి సంతకం పెడితే ఆమెకు చాలు. అందులో అబద్ధం ఉండదు. తొమ్మిదేళ్ల కింద రాసినదానిలోనూ లేదు కదా.

ఇవాళ పొద్దున రాశాను. గంగామణి ఇంటికి తీసుకెళ్లాను. కొడుకు ఇంట్లో లేడు, ఆమెకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను. సేటుకు ఫోన్ చేసింది లింబాద్రి కాదు, నేను. అతను ఇంటికి చేసిన ఫోన్ వల్ల ఏమీ జరగలేదు. విచారణలో నిజం దాచిందీ నేనే. కింద నా పేరు, నా హోదా.

చేటలో బియ్యం ఏరుతున్న ఆమె చేయి ఆగింది. వెళ్లిపోవాలో కూర్చోవాలో నాకు తెలియలేదు. తర్వాత ఆమె లేచి వెళ్లి వీధి తలుపు బార్లా తెరిచింది.

"మళ్లొకసారి చదువుండ్రి మేడం. పెద్దగ చదువుండ్రి. వాడకట్టుకు ఇనవడాలె."

క్షమించమని అడగలేదు. లేచి నిలబడి, వీధంతా వినేలా పెద్దగా చదివాను.