పసుపు పెట్టిన సంచి

సిరిసిల్లలో మా వాడకు కొత్తగా వచ్చినవాళ్లు చంద్రవ్వ మాట వింటే ఎక్కడో కొట్లాట జరుగుతోందనుకునేవారు. అది కొట్లాట కాదు, మామూలు మాటే. మరమగ్గాలను మేం సాంచాలంటాం. పొద్దంతా వాటి టకటకల మధ్య బతికే మనిషి మెల్లగా మాట్లాడితే ఎవరికి వినపడుతుంది? వాడలో అందరివీ పెద్ద గొంతులే. చంద్రవ్వది వాటికంటే పెద్దది. ఒకసారి మా ఇంటామె చెవిలో ఏదో రహస్యం చెప్పిందట. గల్లీ చివర బస్తా దించుతున్న నాకు వినపడింది. కరెంటు పోయి సాంచాలన్నీ ఆగినప్పుడు వాడలో మిగిలేది ఆమె నవ్వు ఒక్కటే.

ఆమెది గంభీరావుపేట దిక్కు. పెళ్లై వచ్చేనాటికి జడ కూడా సరిగా వేసుకోరాని పిల్ల. అత్త ముందు కండెలు చుట్టడం నేర్పింది, తర్వాత కుట్టుమిషను నేర్పింది. అత్త పోయాక ఆ మిషను చంద్రవ్వదైంది. దాని మీద లంగాలు కుట్టేది. "మా అత్త నాకు బంగారం పెట్టలే, గీ మిషను పెట్టింది. బంగారమే పెడితె ఎప్పుడో కుదువ వోతుండె" అని, మిషనుకు నూనె వేసినప్పుడల్లా అనేది. మొగుడు బాలమల్లు పది మాటలకు ఒక్క మాట జవాబిచ్చే మనిషి. ఇంట్లో రెండు సాంచాలు, ఒక మిషను, చంద్రవ్వ గొంతు. ఆయనకు మాట్లాడే సందు ఎక్కడిది?

నేను బడి చిన్నప్పుడే మానేసి బస్తా ఎత్తాను. ఇప్పటికీ దించలేదు. ఆ రోజుల్లో దయాకర్‌రావు దుకాణంలో హమాలీని. ఆయన ఊళ్లో పొలం అమ్మి పెద్ద బజారులో దుకాణం పెట్టాడు. హైదరాబాదులో చూసి వచ్చి, గిరాకీ లోపలికి వచ్చి తమ సామాను తామే తీసుకునేట్టు అరలు కట్టించాడు. బోర్డు మీద సూపర్ మార్కెట్ అని రాయించాడు. ఏది కొన్నా దుకాణం పేరున్న ప్లాస్టిక్ కవరు ఉచితం. అంతకుముందు చంకలో సంచి లేకుండా బజారుకు రాని జనం చేతులూపుకుంటూ రావడం మొదలుపెట్టారు.

తొంభై అయిదు వానాకాలమో, ఆ తర్వాతిదో, ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. దుకాణం ముందు మురుగు పారే మోరి పొంగి నీళ్లు లోపలికి వచ్చాయి. మోరిలో చెయ్యి పెట్టింది నేనే. లాగితే కవరు, దాని వెనక కవరు, తాడు లాగినట్టు వస్తూనే ఉన్నాయి. అన్నింటి మీదా మా దుకాణం పేరే. లోపల చక్కెర బస్తా అడుగున కరిగి పాకమైంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నిలబడ్డ దయాకర్‌రావు ఆ కవర్ల కుప్పను చూసి, "ఊరికే ఇచ్చినందుకు మోరి మంచి బుద్ధే చెప్పింది పో!" అన్నాడు.

తెల్లారి నుంచి కవరుకు చారానా పెట్టాడు. జనం గొణుక్కుంటూ ఇచ్చారు. మోరి మళ్లీ నిండింది. ఈసారి రూపాయి చేశాడు. అప్పుడు లేచింది గొడవ. కూరగాయలమ్మే కిష్టవ్వ గల్లాపెట్టె ముందు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"అగ్గిపెట్టె అఠానా, దాన్ని తీస్కపోయే కవరు రూపాయా? గిదెక్కడి న్యాయం దొరా?"

"ఇంట్ల సంచి లేదా అవ్వా?"

"ఉండె. నువ్వు కవర్లియ్యవడితివని దాన్ని మసిగుడ్డ చేస్తిని!"

బియ్యం పిండి కోసం వచ్చిన చంద్రవ్వ ఈ మాట విని అందరికంటే గట్టిగా నవ్వింది. కానీ నవ్వు మధ్యలోనే ఆపేసి ఏదో ఆలోచించుకుంటూ వెళ్లిపోయింది. ఆమె నవ్వు మధ్యలో ఆగడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

ఆమె ఇంట్లో సంగతి నాకు తెలుసు. వాళ్లు నేసే తెల్లబట్ట కొనే సేటు ఇక వద్దన్నాడు. రెండు సాంచాలూ ఆగాయి. తానులు మంచం కింద నిండి మంచం మీదికెక్కాయి. బాలమల్లు బొంబాయి దగ్గరి భీవండికి సాంచాల పనికి పోతానన్నాడు. మా వాడలో భీవండి పోయినవాళ్లు పండుగకు వస్తారు, దగ్గుతో వస్తారు. కొందరు అక్కడే ఎవరినో చూసుకుని రానే రారు. చంద్రవ్వ వద్దంది, అలిగింది, చివరికి ఏడ్చింది కూడా. ఆయన వినలేదు. వారం వారం జరిగే అంగడి తెల్లారి మధ్యాహ్నం బస్సుకు పోవాలని ఖాయం చేసుకున్నాడు.

కిష్టవ్వ గొడవ జరిగిన మరునాడు చంద్రవ్వ ఒక తెల్ల సంచి తెచ్చి దయాకర్‌రావు చేతిలో పెట్టింది.

"దొరా, గుంజి చూడు. రెండు కవర్ల పైసలకు ఇస్త. ఏడాదిదాక చినగది. హనుమండ్లన్నను అండ్ల ఏసి మోసినా చినగది."

"నడుమ నన్నెందుకు ఏస్తవ్ చంద్రవ్వా?" అన్నాను.

"ఊరి బస్తాలన్ని మోసేటోన్ని ఒక్కనాడన్న ఎవలన్న మొయ్యాలె గదనే!"

దయాకర్‌రావు సంచిని రెండు చేతులా గుంజాడు. కుట్టు కదల్లేదు. "మంచిగున్నది. అంగడినాడు పెట్టి చూద్దాం. వోతె నీ తానులన్ని సంచులే. వోకుంటె మాత్రం నన్ను అడగద్దు."

"వోతయి దొరా" అంది చంద్రవ్వ. "అవి వోకుంటె మా ఆయన వోతడు."

అంగడినాడు పొద్దున్నే చంద్రవ్వ కుట్టి తెచ్చిన సంచులన్నీ దుకాణం ముందు తాడుకు వేలాడదీశాను. జనం వచ్చారు, చూశారు, పోయారు. కవరుకు రూపాయి పెట్టడం ఇష్టంలేక నూనె సీసా చంకలో, బెల్లం కొంగులో, సబ్బు రొంటిన పెట్టుకుని నానా తిప్పలు పడ్డారు గాని సంచిని ముట్టలేదు. చంద్రవ్వ మెట్ల మీద కూర్చుని ప్రతి మొహాన్నీ చూస్తోంది. చివరికి కిష్టవ్వ ఒక సంచి మీద చెయ్యి వేసి, నిప్పు ముట్టినట్టు వెనక్కి తీసుకుంది.

"కొత్త తెల్లబట్ట ఎప్పుడు కొంటరు దొరా? ఇంట్ల పీనుగ లేస్తెనే గదా! అండ్ల పోరగాండ్లకు బియ్యం తీస్కపోవాల్నా?"

దయాకర్‌రావు నావైపు చూశాడు, నేను చంద్రవ్వవైపు చూశాను. మా వాడలో తెల్లబట్ట అంటే అన్నం లాంటిది. దాని మీదే పడుకుంటాం, దాన్నే భుజాన వేసుకుని తిరుగుతాం. వేరే ఇంటివాళ్లు దాన్ని చూస్తే ఏం గుర్తొస్తుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. చంద్రవ్వ పగలబడి నవ్వింది. "అయ్యో నా బుద్ధి మన్నువడ! దుకాణం నిండ పీనుగ బట్టలు వేలాడదీస్తిగదనే!" నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నవ్వు వల్ల కాదని నాకు తెలుసు. రంగు వేయించడానికి ఆమె దగ్గర పైసలు లేవు.

పొద్దు వంగుతుండగా సంచులన్నీ మూటకట్టి ఆమె ఇంటికి మోశాను. లోపల బాలమల్లు ప్రయాణానికి తయారు చేసుకుంటున్నాడు. చంద్రవ్వ కుట్టిన కొత్త అంగీ సరిపోయిందో లేదో చూద్దామని చేతులు దూరుస్తున్నాడు.

"ఎయ్, ఆగు!" అని ఇల్లదిరేట్టు అరిచింది చంద్రవ్వ. "పసుపు వెట్టకుండ కొత్త బట్ట తొడుగుతవా? పయనం వొయ్యే మనిషివి!"

అలిగి ఉన్నా అరిచి ఉన్నా పసుపు మాత్రం మరిచేది కాదు. వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చి, వేలు తడిపి, కాలరు అంచుకు బొట్టు పెట్టింది. పెట్టిన వేలు అక్కడే ఆగిపోయింది. తల తిప్పి నేను తెచ్చిన మూటను చూసింది.

"హనుమండ్లన్నా, మూట దించకు."

"దించిన గదనే!"

"అయితె విప్పు. విప్పి, చెయ్యి కడుక్కొని వచ్చి కూసో."

ముగ్గురం కూర్చుని సంచి సంచికీ మూల మీద పసుపు బొట్టు పెట్టాం. బాలమల్లు కూడా పెట్టాడు. ఇంటికి పోతే నా వేళ్లు చూసి మా ఇంటామె, "నన్ను ఇడిసిపెట్టి ఎవ్వలి పెండ్లికి వొయ్యినవ్?" అని అడిగింది.

తెల్లారి దయాకర్‌రావు సంచులు చూసి మొత్తుకున్నాడు. "చంద్రవ్వా, కొత్త సంచులకు గీ మరకలేందే? పోపు డబ్బల పడ్డయా?"

"జర ఆగు దొరా. నీకు సమజ్ గాదు, ఆడోళ్లకయితది."

ముందుగా కిష్టవ్వే వచ్చింది. దాటిపోబోయి నిలబడింది. దగ్గరికి వచ్చి మూల పట్టుకుంది. ఈసారి చెయ్యి వెనక్కి తీయలేదు.

"పసుపు వెట్టిన బట్ట గదా ఇది! కాదంటె పాపం తగుల్తది." సంచిని కళ్లకద్దుకుని గల్లాపెట్టె వైపు తిరిగింది. "పసుపు వెట్టి బట్టిచ్చినవంటె ఇగ నువ్వు దొరవు గాదు, నా తోడవుట్టినోనివే. ఏ అన్నన్న చెల్లెకు బట్ట వెట్టి పైసలడుగుతడా?"

దుకాణమంతా గొల్లున నవ్వింది. అప్పటిదాకా ఆ దుకాణంలో ఆయనను అన్నా అన్నవాళ్లు లేరు. దయాకర్‌రావుకు చెవులు ఎర్రబడ్డాయి. "అన్ననే గని చెల్లె, పైసలు పైసలే" అన్నాడు ఎట్లాగో.

"సరె తియ్. బెల్లం ముక్కన్న ఎయ్యి. ఆడబిడ్డ పుట్టింటి నుంచి వట్టిగ వోతదా?"

వేశాడు. ఇక చూడాలి. ఆ పూట వచ్చిన ప్రతి ఆడమనిషీ ఒక సంచి పట్టుకుని, "అన్నా, నా బెల్లం?" అని నిలబడడమే. "హనుమండ్లూ, గీ చెల్లెండ్లు నన్ను ముంచుతరురా!" అంటూనే ఆయన కత్తితో బెల్లం కొడుతున్నాడు. మొహం మాత్రం పెళ్లివారి మొహంలా ఉంది. తాడు మీద సంచులు సగమయ్యేసరికి చంద్రవ్వను పిలిచాడు. "ఇంట్లున్న తానులన్ని కుట్టు. వేములవాడల మా బామ్మర్ది దుకాణానికి గూడ కావాలె. సాంచాలు నడిపియ్యిండ్రి."

చంద్రవ్వ గడియారం చూసి బస్టాండుకు ఉరికింది. వెనక నేను. వీపు మీద బస్తా లేకుండా ఉరికి ఎన్నేళ్లైందో! బస్సు అప్పటికే కదులుతోంది.

"దిగు! నిన్నే, దిగు!"

సాంచాలను గెలిచిన గొంతు ముందు ఇంజను ఎంత? డ్రైవరు బ్రేకు వేశాడు. కండక్టరు భయపడి తలుపులోంచి అడిగాడు. "ఎవరినమ్మా, నన్నా?"

"నిన్నెందుకు? నా మొగన్ని!"

బాలమల్లు దిగాడు. కొత్త అంగీ, కాలరు మీద పసుపు. ఆమె మొహం చూసి, ఏమీ అడగకుండా, "మూట బస్సు మీదున్నది" అన్నాడు. ఎక్కి దించింది మళ్లీ నేనే.

తర్వాత మా వాడ కష్టాలన్నీ తీరాయని అబద్ధం చెప్పను. ఆ ఇంట్లో మాత్రం రెండు సాంచాలు నడిచాయి, మిషను నడిచింది. దయాకర్‌రావు కవర్ల పెట్టెకు దుమ్ము పట్టింది, మోరిలో నీళ్లు పారాయి. కిష్టవ్వ ఇప్పటికీ బజారుకు వస్తూ సంచిలో నాలుగు చిక్కుడుకాయలు వేసుకొస్తుంది, అన్న దగ్గరికి వట్టి సంచితో రావద్దని.

భీవండికని కుట్టిన ఆ అంగీ సాంచా నూనెతో నల్లబడి సిరిసిల్లలోనే చినిగింది. చినిగినదాంట్లో మంచి బట్ట ఏరి చంద్రవ్వ నాకొక సద్దిసంచి కుట్టింది. మూలకు పసుపు పెట్టి, గల్లీ ఆ చివర నుంచే అరిచింది.

"ఇగో హనుమండ్లన్నా! నిన్ను మొయ్యలేను గని, నీ సద్దినన్న ఇది మోస్తది!"